ఆసామి కోపంగా లేచే సీను

ఉమాకాంతం మాస్టారు కెమెరా చేతబట్టుకుని కనిపిస్తే చాలు, జగ్గయ్యపేటలో ఆ చుట్టుపక్కల ఎవరూ ఏ పనినీ ఒక్కసారితో ముగించలేరు. నడిచేవాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ నడవాలి. కాఫీ తాగేవాడు గ్లాసు కింద పెట్టి మళ్ళీ ఎత్తాలి. తుమ్మినవాడు మళ్ళీ తుమ్మాలి. ఎవరు ఎంత బాగా చేసినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: "బాగుంది. మళ్ళీ ఓసారి."

ఆయన ఇంటికీ భారతీదేవి ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. అందుచేత ఆ మాటను ఊరందరికంటే ఎక్కువసార్లు విన్న మనిషి ఆవిడే. ఆ గోడ ఇంకో నాలుగడుగులు లేపించమని భర్త భవానీప్రసాద్‌ని పోరిన రోజులు కూడా ఉన్నాయి.

"తాపీమేస్త్రీని పిలిస్తే మాస్టారు ఊరుకుంటాడా? ఒక్కో ఇటుకా పదిసార్లు పెట్టిస్తాడు. గోడ లేచేసరికి మనం ముసలాళ్ళమైపోతాం. పడుండనీ" అనేవాడు భవానీప్రసాద్.

మాస్టారు నందిగామలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రం బస్సు దిగి, కాళ్ళు కడుక్కోగానే సినిమా మనిషైపోయేవాడు. ఎప్పుడో బెజవాడలో రిటైరైన రైల్వే ఆఫీసరొకాయన దగ్గర కొన్న కెమెరా అది. గోడ గడియారానికిచ్చినట్టు కీ ఇవ్వాలి. ఒకసారి కీ ఇస్తే అర నిమిషం గుర్రుమని తిరిగి ఆగిపోతుంది. మాటలు రావు, రంగులు రావు. చిటికెనవేలి వెడల్పుండే ఫిల్ము బొంబాయి నుంచి పార్సిల్లో రావాలి. ఒక వైపు రెండు నిమిషాలు తీసి, రీలు తిరగేసి రెండో వైపు ఇంకో రెండు నిమిషాలు తీయాలి. ఆ తర్వాత బాత్‌రూములో చీకటి చేసుకుని బకెట్లలో మందునీళ్ళు కలిపి ఫిల్ము కడిగి, నిలువునా రెండుగా చీల్చి, ఒకదానికొకటి అతికించాలి. అప్పటికి నాలుగు నిమిషాల సినిమా తయారు. ఆ రోజు ఇంట్లో స్నానాలుండవు. ఆయన భార్య కమలాంబ చీరల పక్కన దండెం మీద సినిమా ఆరుతూ ఉండేది.

ఊళ్ళోకి వీడియో కెమెరాలొచ్చి పెళ్ళిళ్ళను ఐదేసి గంటలు తీస్తున్న రోజులవి. "ఇంకా ఆ డబ్బా ఎందుకండీ మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే ఆయన జాలిగా చూసేవాడు.

"ఐదు గంటలు తీసేవాడికి ఏది తీసినా ఒకటేనండీ. నాకున్నది నాలుగు నిమిషాలు. ఒక్క క్షణం వృథా కాకూడదు. అందుకే రిహార్సలు!"

లెక్కల మాస్టారు కదా, వినడానికి లెక్క బాగానే ఉండేది. ఆచరణలో మాత్రం నాలుగు నిమిషాల సినిమాకి నాలుగు నెలలు పట్టేది.

పాలు పోసే శాంతయ్య అనుభవం అందరికీ తెలిసిందే. చెంబులోంచి గిన్నెలోకి పాలు పోసే షాటు అది. పోసిన పాలు మళ్ళీ చెంబులోకి, చెంబులోంచి మళ్ళీ గిన్నెలోకి. ముప్ఫయ్యోసారికి శాంతయ్య తొంగిచూసి, "మాస్టారూ, వెన్న తేలుతుందండీ" అన్నాడు. ఆ తర్వాత ఆర్నెల్లు ఆ వీధికి దొడ్డిదారిన వచ్చి పాలు పోసి వెళ్ళాడు.

గరికపాడు చెక్‌పోస్టు దగ్గరైతే పెద్ద రభసే జరిగింది. గేటు లేవగానే లారీ దర్జాగా ఇవతలికి రావాలి. అదీ షాటు. లారీ వచ్చింది. బాగుంది. మళ్ళీ ఓసారి. లారీ రివర్సు. ఐదోసారికి వెనకాల లారీల వరస ధాబాల దాకా పోయింది. డ్రైవర్లంతా దిగి భోజనాలు కానిచ్చారు. ఆరోసారికి ఆ లారీ నడిపే సూర్యాపేట డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏంది సారూ ఈ లొల్లి! బండ్ల టమాటలు పులుసైతున్నయ్!" అని మొత్తుకున్నాడు. ఏడోసారి అసలు షాటు. లారీ వచ్చింది, వెళ్ళిపోయింది, దుమ్ము కూడా అణిగింది. అప్పుడు చూసుకుంటే మాస్టారు కెమెరాకి కీ ఇవ్వడం మరిచిపోయాడు.

వీరులపాడులో పెళ్ళికి పిలిస్తే విడిదిలోనే పెళ్ళికొడుకుని పట్టుకుని మూడు ముళ్ళకీ రిహార్సలు వేయించాడు. మంగళసూత్రానికి బదులు తుండుగుడ్డ, పెళ్ళికూతురికి బదులు పెళ్ళికొడుకు మేనమామ. పదోసారి ముడి పడుతుండగా పురోహితుడు లోపలికొచ్చి కాసేపు నిలబడి చూశాడు.

"నేనింకా మంత్రాలు మొదలుపెట్టలేదు కాబట్టి సరిపోయింది బాబూ. లేకపోతే మీ మేనమామనే కాపరానికి తీసుకెళ్ళాల్సొచ్చేది" అన్నాడు.

ఇన్ని రిహార్సళ్ళూ మనుషులకే గానీ ఆయనకి లేవు. రెండు వైపులా తీసేసిన రీలును తీయలేదనుకుని మూడోసారి ఎక్కించడం ఆయనకు మామూలే. ఆగస్టు పదిహేను కవాతు మీద శాంతయ్య గేదెలు అలాగే పడ్డాయి. సినిమా చూపించిన రోజున, జెండాకి వందనం చేస్తున్న హెడ్మాస్టారి పొట్టలోంచి ఒక గేదె తాపీగా నడుచుకుంటూ వెళ్ళింది. కమలాంబ తెల్ల దుప్పటి మీద ఆ దృశ్యం చూసి వీధి వీధంతా కడుపు పట్టుకుని నవ్వింది. భవానీప్రసాద్ నవ్వలేక కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు.

ఆ మనిషి తొంభై ఏడు మాఘమాసంలో నిజంగానే కూలబడ్డాడు. పొద్దున మిరపచేలో నిలబడి కూలీలతో మాట్లాడుతుండగా పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, చెయ్యి పదిహేను రోజుల్లో దారికొచ్చింది. ఎడమకాలు మాత్రం మొరాయించింది. "రోజూ నడిపించాలి. కింద కూర్చోబెట్టాలి, లేపాలి. ఎన్నిసార్లయితే అంత మంచిది. వదిలేస్తే ఆ కుర్చీయే గతి" అని బెజవాడ డాక్టరు గట్టిగా చెప్పాడు. నడిపించడానికి ఒక కుర్రాణ్ణి కూడా పంపాడు. భవానీప్రసాద్ వాణ్ణి రెండో రోజునే తరిమేశాడు.

"కోడెదూడకి అరక నేర్పినట్టు నాకు నడక నేర్పుతాడా వాడు? నా వల్ల కాదు. పొండి" అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ముప్ఫై ఎకరాల ఆసామి, ఒక్క కేకేస్తే చేను అవతలి గట్టున ఉన్నవాడు కూడా పరిగెత్తుకొచ్చేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు ఎవరైనా చూస్తారని వసారాలోకి రావడమే మానేశాడు.

భారతీదేవి గుండెల్లో ఇంకో ముల్లుంది. కూతురు సింధూరకి నందిగామ సంబంధం అంతకుముందే ఖాయమైంది. శ్రావణంలో ముహూర్తం. కన్యాదానం చేయాలంటే తల్లీ తండ్రీ పీటల మీద పక్కపక్కన కూర్చుని అల్లుడి కాళ్ళు కడగాలి. భవానీప్రసాద్ ఒక రోజు అన్నం తింటూ తాపీగా చెప్పేశాడు.

"పీటల మీద తమ్ముడు జగన్నాథరావునీ, మరదల్నీ కూర్చోబెడదాం. నలుగురు పట్టుకుని నన్ను దింపడం, మళ్ళీ నలుగురు పట్టుకుని లేపడం... అంతమంది ముందు నా వల్ల కాదు భారతీ."

"మరి నేను?" అంది ఆవిడ.

ఆయన మజ్జిగ పోయమన్నట్టు కంచం ముందుకి జరిపాడు. ఇరవై రెండేళ్ళు పెంచిన పిల్ల పెళ్ళిలో కన్నతల్లి చుట్టపుచూపుగా వచ్చినదానిలా కుర్చీల వరసలో కూర్చుని చూడాలి. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, పోపు ఘాటు వంక పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

ఉగాది మర్నాడు ఉమాకాంతం మాస్టారు చంకలో నోటుబుక్కుతో గోడ దాటి వచ్చాడు.

"ప్రసాద్‌గారూ, కొత్త సినిమా తీస్తున్నానండీ. హీరో మీరే."

"వేళాకోళమా మాస్టారూ? కాలు లేనివాణ్ణి హీరోని చేస్తారా?"

"నాకు కావాల్సింది కోపమండీ, కాలు కాదు. మీ మొహంలో ఉన్నంత కోపం ఈ తాలూకాలో ఎక్కడా లేదు. మీరు కాదంటే నేను ఖమ్మం వైపు వెతుక్కోవాలి."

భవానీప్రసాద్‌కి అది పొగడ్తో తిట్టో తేలలేదు. కానీ రెండు నెలల తర్వాత ఆయన కాలి గురించి కాకుండా ఇంకోదాని గురించి మాట్లాడిన మొదటి మనిషి మాస్టారే. "కథేంటి?" అన్నాడు.

"చాలా చిన్నదండీ. ఒక ఆసామి భోజనానికి పీట మీద కూర్చుంటాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. ఉప్పు లేదు. కోపంగా లేస్తాడు. గేటు దాకా నడిచి వెళ్ళి వంటమనిషిని కేకేస్తాడు. శుభం."

"లేవాలా?"

"ఎలా లేచినా ఫర్వాలేదండీ. నేను తీసేది మొహం. గేటు మూసేద్దాం, పురుగు కూడా రాదు."

మొదటి రోజు ఆయన్ని పీట మీదకి దింపడానికి ఇద్దరు పాలేళ్ళు కావలసొచ్చారు. లేపడానికి ముగ్గురు. చెమటలు కారిపోయి భవానీప్రసాద్ మొహం నిజంగానే ఎర్రబడింది. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, "ఆ కోపం అద్భుతమండీ. మళ్ళీ ఓసారి" అన్నాడు.

అలా రోజూ సాయంత్రం నందిగామ బస్సు దిగ్గానే, సెలవుల్లోనైతే పొద్దు వాలగానే, మాస్టారు రావడం, విస్తట్లో అన్నం పెట్టమనడం, ఆసామి కూర్చోవడం, లేవడం. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. ఎండలు మండిపోతున్నా మాస్టారు తగ్గలేదు. రోజుకో కొత్త అభ్యంతరం పట్టుకొచ్చేవాడు.

"పాలేళ్ళు పట్టుకుని లేపితే అది కోపమెలా అవుతుందండీ? ఊరేగింపవుతుంది. వాళ్ళని పక్కకి పొమ్మనండి."

పాలేళ్ళు పక్కకి పోయారు. ఆయన స్తంభం పట్టుకుని లేచాడు.

"స్తంభం పట్టుకుంటే చూసేవాళ్ళకి నడుం నొప్పి కనిపిస్తుంది గానీ కోపం కనిపించదు. పీట ఇంకో రెండడుగులు ఇవతలికి లాగుదామండీ."

పీట ఇవతలికొచ్చింది. ఆయన మోకాలి మీద చెయ్యేసుకుని ఎలాగో లేచి చేతికర్ర అందుకున్నాడు.

"కర్ర ఉంటే వంటమనిషిని కొట్టడానికి వెళ్తున్నాడనుకుంటారు ప్రసాద్‌గారూ. మన ఆసామి మంచివాడు. కేకేస్తాడంతే. కర్ర వద్దు."

"నీ ఆసామి మంచివాడైతే నా ప్రాణం తీస్తాడా!" అని భవానీప్రసాద్ అరిచాడు.

"ఆ! ఆ మొహమే! అలాగే ఉంచి గేటు దాకా నడవండి!"

జ్యేష్ఠంలో ఒక రోజు ఆయన గేటు దగ్గర తూలి పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది. భారతీదేవికి అణుచుకున్న కోపమంతా పొంగుకొచ్చింది.

"మాస్టారూ, మీ నాలుగు నిమిషాల బొమ్మ కోసం మనిషిని చంపేస్తారా ఏంటండీ? ఆ తీసేదేదో తీసేసి మమ్మల్నొదిలిపెట్టండి!"

"తీద్దామంటే రీలు ఏదమ్మా? బొంబాయి నుంచి పార్సిల్ ఇంకా రాలేదు" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "వచ్చేలోపు ఇంకాస్త సాధన చేస్తే..."

మర్నాడు కాదు, ఆ పై వారం కాదు, ఆషాఢం వచ్చినా పార్సిల్ రాలేదు. భారతీదేవి ఇంక లాభం లేదనుకుని, మాస్టారు స్కూలుకి వెళ్ళిన వేళ చూసి కమలాంబ దగ్గరికే వెళ్ళింది. మొగుణ్ణి పెళ్ళామే అదుపులో పెట్టాలి గదా.

కమలాంబ చాలా మంచిది. ఆవిడకున్న బాధల్లా కడుపులో మాట దాచుకోలేకపోవడమే. ఎదురొచ్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇస్తానని ఫ్రిజ్ తలుపు తీసింది. పెరుగ్గిన్నె వెనకాల, కరివేపాకు కట్ట పక్కన, బొంబాయి స్టాంపులున్న చిన్న అట్టపెట్టె కనిపించింది.

"అదేంటి వదినగారూ?"

"రీలండీ. చల్లగా ఉండకపోతే పాడవుద్దంట. ఉగాదికి ముందే వచ్చింది." అనేసి కమలాంబ నాలిక్కరుచుకుంది. "అయ్యో! మీకు చెప్పొద్దన్నారండీ!"

"ఉగాదికి ముందా? మరి నాతో రాలేదంటారేంటి?"

ఒకసారి గడియ తీశాక ఆ తలుపు ఆగేది కాదు. కమలాంబ మజ్జిగ గ్లాసు అందిస్తూ మొత్తం చెప్పేసింది. మాస్టారు ఉగాదికి ముందే బెజవాడ వెళ్ళి డాక్టర్ని కలిశాడు. కూర్చోవడం, లేవడం, నడవడం ఏ వరసలో చేయించాలో నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ తర్వాత కూర్చుని దానికి కథ అల్లాడు. స్తంభం ఎప్పుడు మాన్పించాలో, కర్ర ఎప్పుడు మాన్పించాలో అన్నీ అందులో తేదీలతో సహా ఉన్నాయి.

"ఆ డాక్టరుగారి చేత కూడా కింద పీటేసి కూర్చోబెట్టి లేపించారంటండీ. అలా ఎనిమిదిసార్లు! బయట పేషెంట్లంతా కిటికీలోంచి చూస్తున్నారంట. ఎవరికీ చెప్పకండి వదినగారూ, నా మీద ఒట్టు."

భారతీదేవి చేతిలో మజ్జిగ అలాగే ఉండిపోయింది. పీట. కూర్చోవడం. ఎవరి సాయమూ లేకుండా లేవడం. అందులో సినిమా ఎక్కడుంది? ఉన్నదంతా పెళ్ళిపందిరే. ఇన్నాళ్ళూ ఆ మనిషిని ఎన్ని మాటలందో గుర్తొచ్చి ఆవిడకి సిగ్గేసింది.

ఆ సాయంత్రం మాస్టారు బిక్కుబిక్కుమంటూ గోడ దాటి వచ్చేసరికి పీట వేసి ఉంది, విస్తట్లో అన్నం వేడిగా ఉంది. భవానీప్రసాద్ కూర్చున్నాడు, లేచాడు.

"మాస్టారూ, నిన్నటికంటే కోపం తగ్గింది చూడండి" అంది భారతీదేవి. "ఇంకో పదిసార్లు చేయించండి."

మాస్టారు ఆశ్చర్యపోయి నోటుబుక్కు జారవిడుచుకున్నాడు.

శ్రావణంలో జగ్గయ్యపేట కల్యాణమండపంలో పెళ్ళి. పగటి ముహూర్తం. మగపెళ్ళివారు పొద్దుటి నుంచీ అలకల మీద ఉన్నారు. విడిదిలో ఫ్యాన్లు తిరగట్లేదన్నారు, కాఫీ చల్లారిపోయిందన్నారు, కీసర నుంచి వచ్చిన పెదనాన్నని ఎవరూ ఎదురెళ్ళి పిలవలేదన్నారు. పెళ్ళికొడుకు తండ్రి వరప్రసాదరావు మాటిమాటికీ కండువా సవరించుకుంటున్నాడు.

కన్యాదాతల్ని రమ్మని పురోహితుడు పిలిచాడు. జగన్నాథరావు పట్టుపంచె సర్దుకుని లేచాడు.

"నువ్వెక్కడికిరా?" అన్నాడు భవానీప్రసాద్.

ఆయన కుర్చీలోంచి లేచి, భారతీదేవి పక్కన నెమ్మదిగా నడిచి వచ్చి, పీట మీద కూర్చున్నాడు. సింధూర జీలకర్ర-బెల్లం సంగతి మరిచిపోయి తండ్రి వంకే చూసింది. భారతీదేవి నీళ్ళు పోసింది, ఆయన అల్లుడి కాళ్ళు కడిగాడు. ఆవిడ భర్త వంకే చూస్తూ పోయడంతో సగం నీళ్ళు పురోహితుడి పంచె మీద పడ్డాయి. ఆయన పంచె పిండుకుంటూనే మంత్రం కానిచ్చాడు.

"ఇక మీరు లేవచ్చండీ" అన్నాడు పురోహితుడు.

జగన్నాథరావు పట్టుకోవడానికి ఒకడుగు ముందుకేశాడు. భవానీప్రసాద్ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. అంతవరకూ చల్లగా ఉన్న మొహం ఒక్కసారిగా కందగడ్డలా మారింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఎదురుగా ఉన్న పళ్ళేన్ని మింగేసేలా చూశాడు. ఒక్క ఊపున లేచి నిలబడ్డాడు. నాలుగు నెలలుగా కోపంతో తప్ప లేవడం ఎరగని మనిషి మరి!

అక్కడితో ఆగినా బాగుండేది. ఒంటికి అలవాటైన దారిలో ఆయన అదే మొహంతో, కర్ర లేకుండా, మండపం దిగి తిన్నగా గేటు దాకా నడిచాడు. గేటు పట్టుకుని, అక్కడ తను కేకెయ్యాల్సిన వంటమనిషి లేడని తెలిసి ఆగిపోయాడు.

మగపెళ్ళివారి గుండెల్లో రాయి పడింది. వరప్రసాదరావు కండువా ఎగిరిపోతున్నా చూసుకోకుండా వెనకాలే పరిగెత్తాడు.

"బావగారూ! బావగారూ! మావాళ్ళు తెలీక ఏదో అన్నారు. కాఫీ బానే ఉందండీ! ఫ్యాన్లు మాకు పడవసలు!"

ఆయాసంతో భవానీప్రసాద్‌కి మాట రాలేదు. మాట రాకపోవడం వరప్రసాదరావుని ఇంకా భయపెట్టింది. ఆ రోజు సాయంత్రం దాకా మగపెళ్ళివారిలో ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు. కీసర పెదనాన్న తన కుర్చీ తనే తెచ్చుకుని కూర్చున్నాడు.

పీట మీద కూర్చున్న భారతీదేవికి నవ్వాగలేదు. పమిటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, అది చూసి సింధూర నవ్వింది. వీడియో కుర్రాడు అప్పుడు పూలదండలు తీస్తున్నాడు. గుర్రుమని చప్పుడొచ్చిన వైపు ఆవిడ తలతిప్పి చూస్తే, స్తంభం పక్కన ఉమాకాంతం మాస్టారు కెమెరా కంటికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

భోజనాల వేళ ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళింది. "తీశారా మాస్టారూ?"

"సగమేనమ్మా. ఆయన మండపం దిగేసరికి కీ అయిపోయింది." ఆయన మొహంలో ఏ బాధా లేదు. "అయితేనేం, నడిచినాయన మొత్తం నడిచాడు గదా."

"రీలు ఫ్రిజ్‌లో ఉందని నాకు ఆషాఢం నుంచీ తెలుసండీ" అంది ఆవిడ.

మాస్టారు దొంగతనం దొరికిపోయినవాడిలా కంగారుపడ్డాడు. "అమ్మా! ప్రసాద్‌గారికి మాత్రం చెప్పకండి. నన్ను డాక్టరు మనిషనుకుంటే రేపట్నుంచి నా మొహం చూడరు."

"ఆయనకి జ్యేష్ఠంలోనే తెలుసంటండీ, ఇందాకే చెప్పారు. మోచేతికి కట్టుకట్టడానికి పసుపు తెచ్చినావిడ చెప్పిందంట. మానేస్తే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నారు."

ఉమాకాంతం మాస్టారు నోరు తెరిచి, పంక్తికి అవతల నిలబడ్డ భార్య వైపు మెల్లగా తిరిగాడు. కమలాంబ అటు తిరిగి, ఎవరూ అడక్కుండానే తాంబూలాలు సర్దడం మొదలుపెట్టింది.